మూడో ఉత్తరం డాక్టరమ్మదే

వికారాబాద్ స్టేషన్‌లో తాండూరు బండి కోసం నిలబడి ఉండగా ఫోన్ వచ్చింది. తెర మీద ‘డాక్టరమ్మ’ అని కనిపించగానే ఎత్తి, “వస్తున్నా డాక్టరమ్మా, బండి జర లేటు” అన్నాను. అవతల ఉన్నది ఆమె చెల్లెలు. “ఆపా పోయింది బిడ్డా. చాయ్ ఇద్దామని లేపబోతే లేవలే” అన్నది. ఆమె అక్కను ఆపా అనే పిలిచేది. గుండె ఆపరేషన్ అయి హైదరాబాద్ నుంచి ఇంటికొచ్చారు, వరండాలో నాలుగడుగులు వేస్తున్నారు, క్లినిక్ సంగతులన్నీ ఫోన్లో అడుగుతున్నారు, ఇంక భయం లేదని అందరం అనుకున్నాం. నిద్రలోనే పోయారు.

రోజూ ఎక్కే బండే ఎక్కాను. రోజూ కూర్చునే వైపే కూర్చున్నాను. బండి కదిలాక ఏడుపొచ్చింది. ఎదురుగా కూర్చున్న ఆమె ఎవరో, ఏమీ అడగకుండా నీళ్ళ బాటిల్ నా చేతిలో పెట్టింది. మధ్యాహ్నం నమాజు తర్వాత డాక్టరమ్మను ఖబరస్తాన్‌కు తీసుకుపోయారు. నేను లోపల ఆడవాళ్ళతో కూర్చున్నాను. కింద క్లినిక్ మెట్ల దగ్గర, సంగతి తెలియక వచ్చిన ఒకాయన వాచిన చెంప పట్టుకొని, జనాన్ని చూసి, చేతులు కట్టుకొని అక్కడే నిలబడిపోయాడు. పంటి నొప్పి మాట ఎవరితోనూ అనలేదు పాపం.

ఎవరీ డాక్టరమ్మ అంటే, తాండూరులో పళ్ళ డాక్టరు. బండల పాలిషింగ్ మిషన్ల దగ్గర దుమ్ములో పనిచేసేవాళ్ళు, కందుల మార్కెట్ హమాలీలు, కొడంగల్ నుంచి బస్సెక్కి వచ్చే రైతులు, సరిహద్దు అవతలి నుంచి కన్నడంలో మాట్లాడుకుంటూ దిగే ముసలమ్మలు, అందరికీ ఆమె డాక్టరమ్మే. నేను బీడీఎస్ పూర్తి చేసి ఆమె దగ్గర పనికి చేరినప్పుడు కొన్నాళ్ళు ‘మేడమ్’ అని పిలిచాను. ఆ పిలుపుకు ఆమె సరిగ్గా పలికేవారు కాదు. అందరిలాగే నేనూ మారిపోయాను.

వచ్చిన మనిషిని కుర్చీలో కూర్చోబెట్టగానే మొదట అడిగేది పన్ను గురించి కాదు. “ఏం తిన్నవ్?” అని. నొప్పితో రెండు రోజులు తిండి మానేసి వచ్చేవాళ్ళే ఎక్కువ. అట్లాంటివాళ్ళను ముందు మెట్ల కింద ఉన్న హోటల్‌కు పంపి ఇడ్లీ తినిపించి మళ్ళీ పైకి రప్పించేవారు. సూది మందు సీసాను కాసేపు పిడికిట్లో పట్టుకొని వెచ్చబెట్టేవారు, చల్లగా ఎక్కిస్తే మంట ఎక్కువని. “నొప్పి ఉండదు” అని ఎవరికీ చెప్పగా నేను వినలేదు. “నొప్పి ఉంటది. ఎప్పుడు ఉంటదో చెప్త. నేను చెప్పినంక గట్టిగ పట్టుకో” అనేవారు. చిన్న పిల్లలు సైతం ఆ మాటకు బుద్ధిగా తల ఊపేవారు.

ఇక నా సంగతి. నేను ఫికర్ పడే మనిషిని. గ్యాస్ కట్టేశానా అని స్టేషన్ నుంచి అమ్మకు ఫోన్ చేస్తాను. అమ్మ అప్పుడు ఆ పొయ్యి మీదే అన్నం వండుతూ ఉంటుంది, చెడామడా తిడుతుంది. ఇట్లాంటిదాన్ని కెనడాలో దంతవైద్య కళాశాలకు దరఖాస్తు పెట్టుకున్నాను. ఇక్కడ బీడీఎస్ చదివినవాళ్ళు అక్కడ మళ్ళీ కొన్నాళ్ళు చదివితేనే వైద్యం చేయనిస్తారు. ఇక్కడ పీజీ సీటు చేతిదాకా వచ్చి జారిపోయింది. ఈ దారి కూడా మూసుకుపోతే నా చదువు ఇంతటితో సరి అని నాకు నేనే చెప్పుకున్నాను. మార్కులున్నాయి, ఇంగ్లిషు పరీక్ష పాసయ్యాను. మిగిలింది మూడు సిఫారసు ఉత్తరాలు. నన్నెరిగిన ముగ్గురు డాక్టర్లు, నేను చూడకుండా, నేరుగా ఆ కళాశాల వెబ్‌సైటులో పెట్టాలి.

ఆ ముగ్గురు ఎవరు? అదే నా ప్రాణం తీసింది.

మా నాయినకు వికారాబాద్‌లో విత్తనాల దుకాణం ఉంది. నవాబుపేట దగ్గర పొలం. సంగతి చెప్పగానే ఆయన ముఖం వెలిగిపోయింది. “మూడే గదా? గీ మాత్రం దానికి గంత పరేషాన్ ఎందుకు? మన లీడర్ తోటి రాయిస్త. లెటర్ ప్యాడ్ మీద, ముద్ర గొట్టి. ఆయన మాట మీద ఎన్ని పనులైతున్నయో నీకు ఎర్కనా?” అన్నాడు. కెనడా వాళ్ళకు మన లీడర్ ఎవరో తెలియదు నాయినా అంటే, “తెలువకుంటే తెలుసుకుంటరు” అన్నాడు. రెండో రోజుకే ముద్ర కొట్టిన కాగితం తెచ్చి టేబుల్ మీద పెట్టాడు. అందులో నేను మంచి కుటుంబానికి చెందిన అమ్మాయినని, నాకు తగిన సహాయం చేయవలసిందని ఉంది. నాయిన సంతోషం చూసి ఏమీ అనలేక బీరువాలో దాచాను.

కాలేజీకి వెళ్ళి మొదట ప్రిన్సిపాల్ సారును అడిగాను, పెద్ద పదవి కదా అని. ఆయన మంచివారే. తల కూడా ఎత్తకుండా, “నువ్వే రాసుకొని రామ్మా, సంతకం పెడతా” అన్నారు. తర్వాత ఇంకో పెద్ద ప్రొఫెసర్ దగ్గరికి వెళ్ళాను. ఆయనా అదే మాట. మన దగ్గర ఇదే రివాజు. ఎవరి పొగడ్త వాళ్ళే రాసుకోవాలి, పెద్దవాళ్ళు సంతకం చేస్తారు. నా ఫ్రెండ్స్ అందరూ అట్లాగే చేశారు. నేనూ కూర్చున్నాను. మిమ్మల్ని మీరు పొగుడుకుంటూ రాసి చూడండి ఎప్పుడన్నా, ఒళ్ళంతా చీమలు పాకుతాయి. ‘ఈ అమ్మాయి కష్టజీవి, వినయశీలి’ అని రాసుకొని సిగ్గుతో కంప్యూటర్ మూసేశాను. మళ్ళీ తెరిచాను. ఎట్లాగో రెండు పూర్తి చేసి డాక్టరమ్మకు చూపించాను, ఇంగ్లిషు దిద్దుతారేమోనని.

ఆమె కళ్ళజోడు పెట్టుకొని రెండూ చదివారు. “ఇద్దరు సార్లకు గొంతు ఒక్కటే ఉన్నదా బిడ్డా?” అన్నారు.

నాకు అర్థం కాలేదు.

“ఈయన నువ్వు వినయశీలి అంటున్నడు. ఆయన గూడ అదే మాట. ఈయన నీకు పట్టుదల మస్తు అన్నడు. ఆయన గూడ పట్టుదలే. అక్కడ ఇవి చదివెటోళ్ళు పిచ్చోళ్ళా? ఒక్క మనిషే రాసిండని పట్టుకోరా?”

అది నాకు తట్టనే లేదు. ఇట్లా రాసి పంపితే దొంగతనం కింద లెక్కగట్టి దరఖాస్తే కొట్టేస్తారేమోనని ఇంకో ఫికర్ నెత్తిన పడింది. “మరి ఎవర్ని అడగాలె డాక్టరమ్మా? పెద్దోళ్ళకు నేను గుర్తే లేను. చిన్నోళ్ళు రాస్తే విలువుంటదా?” అని అడిగాను.

“నీ మీద కోపం చేసినోళ్ళు ఎవరు కాలేజీల?” అన్నారు.

“కోపమా?”

“ఆఁ. గట్టిగ తిట్టినోళ్ళు. తిట్టిన్రంటే నువ్వు చేసేది చూసిన్రన్నట్టు. చూడనోళ్ళు ఎందుకు తిడ్తరు? మంచిగనే ఉంది పో అంటరు.”

ఇది విన్నప్పుడు నాకు తమాషాగా అనిపించింది. ఇంటికొచ్చి ఆలోచిస్తే భయమేసింది. నన్ను తిట్టినవాళ్ళ దగ్గరికే పోయి నన్ను పొగడమని అడగాలా? కానీ వేరే దారి లేదు. కట్టుడు పళ్ళు నేర్పిన మేడమ్ గుర్తొచ్చింది. నేను మైనంలో పేర్చిన పళ్ళ సెట్టును అందరి ముందూ చెత్తబుట్టలో వేసిన మనిషి. వేసి, “రేపు మళ్ళీ చేసి తీసుకురా” అని, రేపటిదీ వేసింది. పల్లెల్లో దంతవైద్య శిబిరాలకు తీసుకుపోయిన సారు గుర్తొచ్చాడు. మోమిన్‌పేట్ బడిలో పిల్లల నోళ్ళు నేను గబగబా చూసి లైను ముందుకు నడిపిస్తుంటే, “పశువుల సంతలో పళ్ళు లెక్కపెడుతున్నావా?” అని టీచర్ల ముందు కడిగేశాడు.

ఆ మేడమ్‌కు ఫోన్ చేసి నేనెవరినో చెప్పబోతుంటే, “గుర్తున్నావమ్మా, నీ సెట్టు నేను చెత్తబుట్టలో వేశాను కదా. చివరికి చేసింది మాత్రం బాగా చేశావు. ఆ పేషెంటు ఇంకా వాడుతున్నాడు, నిన్నగాక మొన్న కనిపించాడు” అన్నది. సారు కూడా ఒప్పుకున్నారు. ఎవరి ఉత్తరం వాళ్ళే రాస్తామన్నారు. ‘నువ్వే రాసుకొని రా’ అన్న మాట ఇద్దరి నోటా రాలేదు. వెబ్‌సైటులో ఇద్దరి పేర్ల పక్కనా ‘అందింది’ అని వచ్చిన రోజు నాయినకు చూపించాను. “లీడర్‌ది ఏమాయె?” అన్నాడు. నేను మాట మార్చాను.

మూడో ఉత్తరం ఎవరిది? ఇంకెవరిది, రోజూ పక్కన నిలబడి పనిచేస్తున్న డాక్టరమ్మదే. ఆమెను అడగడానికి నాకు ఏ భయమూ లేదు. అడిగాను.

“రాస్త” అన్నారు. హమ్మయ్య అనుకునేలోపే, “జర ఆగు. ఇంకా చూస్తున్న” అన్నారు.

అంతే, ఆ రోజు నుంచి నాకు కంటి మీద కునుకు లేదు. ఏం చూస్తున్నారు? ఎప్పటిదాకా చూస్తారు? ఆమె సూత్రమే తీసుకుంటే, తిట్టినవాళ్ళే చూసినవాళ్ళు. డాక్టరమ్మ నన్ను ఒక్కనాడూ తిట్టలేదు! అంటే నన్ను చూడనే లేదా? బండిలో కూర్చొని ఇదే లెక్క. శంకరపల్లి నుంచి రోజూ వచ్చే ఒక టీచరమ్మ నా పక్కన కూర్చునేది. “ఏమైంది డాక్టరూ, నీ పన్నే నొప్పి లేస్తున్నదా?” అని నవ్వేది.

ఆమె చూస్తున్నారని తెలిశాక నా చేతులు నావి కాకుండా పోయాయి. నోట్లో పెట్టి చూసే అద్దం పట్టుకుంటే జారేది. పేషెంటుతో మాట్లాడుతూ ఓరకంట ఆమెను గమనించేదాన్ని. ఒకరోజు బండల మిషన్ దగ్గర పనిచేసే ఒకాయన వచ్చాడు. గుట్కాతో నోరు బిగుసుకుపోయింది, రెండు వేళ్ళు కూడా పట్టడం లేదు. నేను చాలా తీయగా, రేడియోలో మాట్లాడినట్టు, గుట్కా వల్ల వచ్చే నష్టాలన్నీ ఆయనకు వివరించాను. వివరించినంతసేపూ డాక్టరమ్మ విన్నారా లేదా అని చూస్తూనే ఉన్నాను.

ఆమె చేతిలో పని కింద పెట్టారు. “నా దిక్కు చూస్తవేంది? నేను నమిలిన్నా గుట్కా? వాని దిక్కు చూడు. వాడు నీ మాట ఒక్కటన్న ఇన్నడా? పొద్దున నుంచి మిషన్ మీద నిలబడి వచ్చిండు, వానికి నీళ్ళన్న ఇచ్చినవా?” అని గద్దించారు. బయట బెంచీ మీద కూర్చున్నవాళ్ళందరికీ వినబడింది.

మీకు చెప్తే నవ్వుతారు. ఆ సాయంత్రం బండెక్కి నేను సంతోషపడ్డాను. తిట్టారు! చూశారన్నమాట! ఇంటికి పోగానే వెబ్‌సైటు తెరిచాను. మూడో పేరు పక్కన ‘ఇంకా రావలసి ఉంది’ అనే ఉంది. పొద్దున చూసినా అదే. మర్నాడు చూసినా అదే. గడువు దగ్గరికొస్తోంది. నాయిన, “అడుగు బిడ్డా, నోరు లేదా? లేకుంటే ఇంకొకరిని పట్టుకుందాం” అన్నాడు. ఇంకెవరిని? పొద్దస్తమానం ఆమె పక్కన పనిచేసి, ఆమెనుంచి కాక ఇంకొకరి నుంచి ఉత్తరం పోతే, డాక్టరమ్మ ఎందుకు రాయలేదని వాళ్ళు అడగరా? పోనీ అడుగుదామంటే, ఆమెకు అప్పటికే ఆయాసం మొదలైంది. క్లినిక్ మెట్లు ఎక్కి కాసేపు గోడకు ఆనుకొని నిలబడేవారు. చిన్నప్పుడు వచ్చిన కీళ్ళ జ్వరంతో గుండెలో కవాటం పాడైందని, ఇంక ఆపరేషన్ తప్పదని హైదరాబాద్‌లో చెప్పారు. అట్లాంటి మనిషిని పట్టుకొని నా ఉత్తరం సంగతేంటని ఎట్లా అడగను? అడగకుండా ఎట్లా ఉండను? ఈ ఫికర్ లోపల కుమ్మరి పురుగులా తొలిచేసింది నన్ను.

శుక్రవారం మధ్యాహ్నం క్లినిక్ మూసేవారు. గడువు ముందరి శుక్రవారం, “ఇయాల నువ్వు జర ఆగు, పని ఉన్నది” అన్నారు. ఉత్తరం గురించే అనుకున్నాను. నమాజు చేసుకొని, ముఖం కడుక్కొని పై ఇంట్లోంచి కిందికి దిగివచ్చారు. చేతిలో ఒక కవరు. తీసి చూస్తే అందులో ఉన్నవి ఆమె రక్త పరీక్ష కాగితం, ఎక్స్‌రే, హైదరాబాద్ గుండె డాక్టరు రాసిచ్చిన చీటీ. కవాటం ఆపరేషన్‌కు ముందు నోట్లో చీము ఉన్న పన్ను ఏదీ ఉండకూడదు, ఆ చీము గుండెదాకా పోతుంది. ఆమె కింది దవడలో ఒక పన్ను చెడి ఉంది. దాన్ని తీయాలి.

“హైదరాబాద్‌ల తీయించుకోండి డాక్టరమ్మా, మీ క్లాస్‌మేట్లు ఎంతమంది పెద్ద సర్జన్లు లేరు!” అన్నాను.

“ఉన్నరు” అన్నారు. కళ్ళజోడు తీసి టేబుల్ మీద పెట్టారు. చున్నీ సర్దుకొని, అన్నేళ్ళుగా పక్కన నిలబడి పనిచేసిన కుర్చీలో తను కూర్చున్నారు. “చీము మందు గంట కింద వేసుకున్న. అన్నం తిన్న. నువ్వు తిన్నవా?”

తినలేదు. ఆ మాట విని కుర్చీలోంచి లేచి, నేను కిందికి పోయి తినొచ్చేదాకా పని మొదలుపెట్టనివ్వలేదు.

రక్తం పలుచబడే మాత్రలు వాడుతున్న మనిషి. రక్తం ఆగకపోతే? మధ్యలో గుండె దడ వస్తే? తాండూరులో ఏ ఆసుపత్రికి తీసుకుపోవాలి, అంబులెన్సు ఎంతసేపట్లో వస్తుంది, అన్నీ అడిగి కాగితం మీద రాసుకున్నాను. ఆమె చెల్లెల్ని పక్కన నిలబెట్టుకున్నాను. డాక్టరమ్మ చనిపోయాక నాకు పట్టిన మొదటి బుగులు కూడా ఈ పన్ను గురించే. ఆ గుండె డాక్టరుకు ఫోన్ చేసి, నేను తీసిన పన్ను వల్ల ఏమైనా అయిందా సారూ అని అడిగాను. “దానికీ దీనికీ ఏ సంబంధం లేదమ్మా. ఆ గాయం ఎంత శుభ్రంగా మానిందో మేం చూశాం” అన్నారు. ఆయన చెప్పినా, మళ్ళీ ఇంకోసారి అడిగాను.

సూది వేశాను. ఆమె కళ్ళు మూసుకోలేదు, నన్నే చూస్తున్నారు. నేను మాత్రం ఆమె నన్ను చూస్తున్నారన్న సంగతే మర్చిపోయాను. పన్ను మొదట కదల్లేదు. “ఇప్పుడు నొప్పి ఉంటది, గట్టిగ పట్టుకోండి” అన్నాను. ఆమె రెండు చేతులూ కుర్చీని పట్టుకున్నాయి. పన్ను వేర్లతో సహా బయటికొచ్చింది. కుట్లు వేసి, దూది పెట్టి, “గట్టిగ కొరికి పట్టండి, మాట్లాడొద్దు” అన్నాను.

పది నిమిషాలు కూర్చున్నారో లేదో, లేచి ముందు గదిలో కంప్యూటర్ దగ్గరికి నడిచారు. వద్దంటే వినలేదు. మూతి ఒకవైపు మొద్దుబారి ఉంది, చెంపలో దూది. మాట రాక చేత్తోనే బెంచీ చూపించి, పోయి బయట కూర్చోమన్నారు. తర్వాత తెరను నాకు కనబడకుండా గోడవైపు తిప్పుకొని, ఒక్కొక్క అక్షరం వెతుక్కుంటూ టైపు చేయడం మొదలుపెట్టారు.

నేను బెంచీ మీద ఎక్కడ కూర్చోను! రక్తం ఆగిందా? దూది తడిసిందా? లేచి పోయాను. “డాక్టరమ్మా, ఏదీ, నోరు తెరవండి.” ఆమె నా చెయ్యి నెట్టేసి తెర ఇంకొంచెం పక్కకు తిప్పుకున్నారు. నేను ఉత్తరం తొంగిచూడ్డానికి వచ్చాననుకున్నారు. నాకు ఆ క్షణాన ఏ ఉత్తరమూ గుర్తు లేదు. మళ్ళీ పోయి కూర్చున్నాను. మళ్ళీ లేచాను. “ఒక్కసారి డాక్టరమ్మా, ఒక్కసారి తెరవండి, చూస్త.”

ఆమె టైపు చేయడం ఆపి నా ముఖంలోకి చూశారు. ఒక వేలు కీబోర్డు మీదే ఉంచి, నా వైపు తిరిగి, నోరు తెరిచారు.